వేయించిన ఇసుక

సుబ్బరాయన్ కాటాల వ్యాపారంలో దిగిన నాడు చేతిలో ఉన్నవి మూడే: సర్కారు ముద్ర పడిన ఒక కేజీ ఇత్తడి తూకపు రాయి, ఒక ఆకురాయి, వెనక మడ్‌గార్డు లేని ఒక సైకిలు. సైకిలు ఏనాడో పాతసామాన్ల కొట్టుకి పోయింది. ఆకురాయి అరిగి నున్నబడింది, దాని తర్వాత పదిహేనో పదహారో కొన్నాడు. ఇత్తడి రాయి మాత్రం ఇప్పటికీ ఉంది, ఇదిగో, అరచేతిలో చల్లగా కూర్చుని, ముప్పైనాలుగేళ్ళ తర్వాత కూడా తన బరువు తాను సరిగ్గా చెబుతూ. పక్కన బల్ల మీద నోరు తెరుచుకుని నీలం పెట్టె. ఒంటిగంటకి ముదలియార్‌పేటలో షట్టర్లు దిగిపోతాయి, మళ్ళీ నాలుగింటిదాకా ఎవడూ ఎవడికీ ఏమీ అమ్మడు, కుక్కలు కూడా మెట్ల కింద నీడ చూసుకుంటాయి. అతనూ షట్టరు సగం దించాడు. ఆ సగంలోంచి వచ్చిన ఎండ గోడకి వరసగా వేలాడే కాటాల మీద పడి పళ్ళేలు మెరుస్తున్నాయి. రెండున్నరకి కారు వస్తుంది. చెన్నైలో విమానం ఎక్కాలి, యాభైఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి. అక్కడినించి ఇంకో విమానం, ఆ తర్వాత చిన్న విమానం ఒకటి, ఆఖరికి మలావీ దేశంలో వేరుశెనగ పండించే ఆడవాళ్ళ సంఘం. వాళ్ళ దగ్గర ముప్పైరెండు కాటాలు ఉన్నాయి, ఏ రెండూ ఒక మాట మీద నిలబడవు. వాటిని సరిచేసి, సరిచేయడం వాళ్ళకి నేర్పి రావాలి. ఆరు వారాలు. వాలంటీరు అంటారట అటువంటివాణ్ణి. అంతా సర్దుకున్నాక, పది నిమిషాల కిందట, అతన్ని పంపుతున్న సంస్థ చెన్నై ఆఫీసు నించి ప్రీతి అనే పిల్ల మెసేజ్ పెట్టింది. అక్కడ సిద్ధంగా ఉంచుతామన్న తూకపు రాళ్ళు రాలేదు, ఇంకో నెల పడుతుంది, వీలైతే మీవే తెచ్చుకోగలరా సార్ అని.

నెల పడితే అతని ఆరు వారాల్లో నాలుగు పోయినట్టే. రాళ్ళు లేకుండా కాటా సరిచేయడమంటే గడియారం లేని ఊళ్ళో టైము చెప్పడం. పోయి ఏం చేస్తాడు? వాళ్ళు వండిపెట్టింది తిని, చెట్టు కింద కూర్చుని, అమ్మా ఈ ముల్లు ఇట్లా తిరగాలి, ఈ స్ప్రింగు ఇట్లా లాగాలి అని కబుర్లు చెప్పి వస్తాడా. కబుర్లు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళని పిలుచుకోవచ్చు. తన రాళ్ళ సెట్టు అదిగో చెక్కపెట్టెలో ఉంది: పది కేజీలది ఒకటి, అయిదుది ఒకటి, రెండువి రెండు, ఒకటిది ఒకటి. ఇరవై. ఖాళీ పెట్టె మూడు కేజీల రెండువందలు. ఇరవైమూడు కేజీల రెండువందలు, అంటే చొక్కా కూడా పెట్టకుండానే రెండువందల గ్రాములు ఎక్కువ. చిన్న విమానంలో మనిషికి ఒక పెట్టె, ఇరవైమూడు కేజీలు, అంతకు మించితే ఏం చెప్పినా ఎక్కించరు, ఆ సంగతి ప్రీతి మొదటి రోజే చెప్పింది. బరువు తెలిసినవాడికి బరువు దగ్గరే చిక్కు పడింది చూడు అనుకున్నాడు. నవ్వు రాలేదు.

చేతిలో రాయిని పెట్టెలో వేసి, పెట్టెని మళ్ళీ కాటా కొక్కేనికి తగిలించాడు. ఇరవైరెండు కేజీల ఏడువందలు. పొద్దున ఇరవైరెండు తొమ్మిదివందలు ఉండేది. ఇందాక అడుగున చొక్కాల కింద భార్య లోగనాయకి పెట్టిన ఖాకీ గుడ్డ సంచులు అయిదు కనపడితే తీసి బల్ల మీద పడేశాడు, చిన్నదీ పెద్దదీ వరసన, మూతికి నాడా కూడా కుట్టి ఉన్నాయి. పొడులకి కాబోలు. అంత పెద్ద సంచిలో ఏం పొడి పోస్తుంది, ఊరందరికీ వండిపెట్టాలనుకుంటుందా. రెండువందల గ్రాములు వృథా. తక్కెడ కాడ మూడున్నర, అది తప్పదు, గట్టి ఉక్కు, మధ్యలో ముల్లు, రెండు చివర్లా కొక్కేలు, అక్కడివాళ్ళకి తూకమంటే ఏమిటో చూపించాలంటే అదే బడి. పనిముట్లు నాలుగు. విడి స్ప్రింగులు, కొక్కేలు రెండున్నర. బట్టలు నాలుగు. తిండి నాలుగు, చింతపండు, పప్పుపొడి, మాగాయ. మందులు అర. ఇత్తడి రాయి ఒకటి, అది మళ్ళీ చేతిలోకి వచ్చింది. తిండి మొత్తం తీసేసినా అయిదు కేజీల రాయి దూరదు, దూరినా అయిదుతో యాభై కేజీల కాటాని ఎవడు నమ్ముతాడు. పైన మేడ మీద గరగర, గరగర, ఏదో వేయిస్తున్న చప్పుడు. మధ్యాహ్నం పూట కూడా ఈ మనిషికి పొయ్యి దగ్గర పనే.

ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆగిపోతుందా. ఎంతదాకా వచ్చాడో తలుచుకుంటే ఛాతీ దానంతటదే ముందుకొస్తుంది, దాన్ని దాచుకునే అలవాటు అతనికి లేదు. దరఖాస్తు నింపింది కూతురు జనని. కంప్యూటరు తెర మీద నలుగురు పెద్దవాళ్ళు కూర్చుని ప్రశ్నలు వేశారు, జనని పక్కన కూర్చుని ఇంగ్లీషు అందించింది. ఎందుకు రావాలనుకుంటున్నారు అని అడిగితే సేవ అని చెప్పు నాయనా, అందరూ అదే చెబుతారు అని ముందే నేర్పింది. అతను ఆ మాట మరిచిపోయి, ఆ ముప్పైరెండు కాటాలు ముల్లు రకమా స్ప్రింగు రకమా, వానాకాలం వాటిని ఎక్కడ పెడతారు, ఆఖరిసారి రాయి పెట్టి చూసింది ఎప్పుడు అని ఎదురు అడిగాడు. నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వారం తిరగకుండా రమ్మని కబురు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ ఊరినించి సముద్రం దాటినవాళ్ళ లెక్క అతనికి బాగా తెలుసు. తుపాకీ పట్టుకుని ఫ్రెంచివాళ్ళ సైన్యంలో పోయినవాళ్ళు, చెరుకు తోటలకి కూలికి ఓడ ఎక్కినవాళ్ళు, పెన్షన్ కాయితాలు ముడుచుకుని పారిస్ చేరినవాళ్ళు, గల్ఫుకి పోయి వంగిన నడుముతో తిరిగొచ్చినవాళ్ళు. అందరూ తెచ్చుకోవడానికి పోయినవాళ్ళే, తప్పని ఎవడంటాడు. అతని వంశంలో సముద్రం దాకా పోయినవాళ్ళంటే బీచిరోడ్డులో కూర్చుని గాలి పీల్చుకుని ఇల్లు చేరినవాళ్ళే. ఇచ్చి రావడానికి పోతున్న మొదటివాడు తను. నిన్న సాయంత్రం బావమరిది రాఘవన్ కొట్టుముందు స్కూటరు ఆపి, దిగకుండానే అన్నాడు:

"ఏంది బావా, లోకమంతా సంబళం డబ్బుల కోసం విమానం ఎక్కుతాంటే నువ్వు సుమ్మా, ఊరికే పోయి పనిచేస్తావంట? పిచ్చి కిచ్చి పట్టిందా?"

"పట్టింది. నీకు పట్టకుండా చూసుకో."

"అది కాదప్పా. ముప్పై గ్రాముల స్ప్రింగు కూడా ఊరికే ఇచ్చినోడివి కాదే నువ్వు. యాడనించి వచ్చింది ఈ దానగుణం?"

నవ్వేసి పంపాడు గాని ఆ ప్రశ్నకి జవాబు అతని దగ్గర ఉంది, రాఘవన్‌కి చెప్పే జవాబు కాదది. అప్పుడు అతనికి పదేళ్ళు. అరియాంకుప్పం అవతల నాయన ఒకటిన్నర ఎకరాలో వేరుశెనగ వేసేవాడు. కాయ పీకి, ఎండబెట్టి, గోతాలకెత్తి దళారి కొట్టుకి బండి తోలుకుపోతే, గోతాలు దించాక కాటా ఖాళీగా ఉంది, చల్లటి ఇనప రేకు, పిల్లవాడికి ఎక్కి నిలబడాలనిపించింది. ఎక్కాడు. ఇరవైయేడు. ఆ పొద్దునే బళ్ళో డాక్టరు బరువు చూసి ముప్పైఒకటి అని కార్డు మీద రాశాడు, కార్డు జేబులోనే ఉంది. నాయనా, నేను నాలుగు కేజీలు తగ్గినానే అని గట్టిగానే అన్నాడు. నాయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు, నది మీద వంతెన దాటాక బండి ఆపి వాడి తల మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. మరుసటి ఏడు నాయన పైపంచె కొసన ఒక కేజీ ఇత్తడి రాయి కట్టుకుని పోయాడు. గోతాలు ఎక్కించకముందే రాయి కాటా మీద పెట్టి, చదువురాని మనిషి, ముల్లు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ రాయి ఇదే. అంతకుముందు ఏడు మాత్రం ఆ ఇంటికి దొరికిన తూకపు రాయి సుబ్బరాయనే, అరచెడ్డీ వేసుకున్న ముప్పైఒక్క కేజీల రాయి. అట్లా మొదలైంది. కాబట్టి వేరుశెనగ పండించే ఆడవాళ్ళు, సరిగా పలకని కాటాలు అని జనని చదివి వినిపించినప్పుడు దానగుణం ఎక్కడా అడ్డం రాలేదు. పాత పని ఒకటి సగంలో ఆగి ఉంది, అది పిలిచింది, అంతే.

గరగర, గరగర. మేడ మీద చప్పుడు ఆగలేదు. దానితోపాటు వాసన కూడా మెట్లు దిగింది, వేడెక్కిన ఇనప మూకుడు వాసన, పొట్టు మాడీ మాడని వేరుశెనగ వాసన. విమానంలో తినడానికి కాబోలు, ఉప్పునీళ్ళు చల్లి ఇసుకలో వేయిస్తోంది. శెనక్కాయల దేశానికి శెనక్కాయలు మోసుకుపోతే చూసినవాళ్ళు ఏమంటారు. ఇసుకలో వేయించడం లోగనాయకి వాళ్ళమ్మ విద్య, ఆవిడ బీచిరోడ్డులో పెద్ద దీపస్తంభం దగ్గర తోపుడుబండి మీద వేయించి అమ్మేది, లాంతరు చుట్టూ కాగితం కట్టి, మూకుడు అంచున ఇనప గరిటెతో టంగుమని కొట్టి. జనని పుట్టినప్పుడు రెండు కేజీల రెండువందలే, ఆవిడే ఎత్తుకుని కొట్టుకి తీసుకొచ్చేది, శుక్రవారం శుక్రవారం పళ్ళెంలో మెత్తటి చీర పరిచి తూచేవాళ్ళు, వందేసి గ్రాములు పెరుగుతుంటే కొట్టు ముందు నిలబడ్డ బేరగాళ్ళు కూడా ఎంతయింది ఎంతయింది అని అడిగేవాళ్ళు. దానికి ముందే కదా ఆ సంగతి. జనని ఇంకా కడుపులో ఉంది. మూకుడు. ఇసుక. చేతిలో రాయి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

ఆ ఏడు అతనికి కామెర్లు వచ్చి అరియాంకుప్పంలో నాయన దగ్గర మంచం ఎక్కాడు. రాళ్ళ సెట్టు ముద్రల కోసం తూనికల ఆఫీసులో ఉంది, వారానికి గాని రాదు. అదే అదనులో ధాన్యం వ్యాపారి ఏలుమలై రెండు కాటాలు తెచ్చి కొట్టులో దించాడు, ఎల్లుండి సరుకు దిగుతుంది, చూసి పెట్టమని. కొట్టులో ఉన్నది లోగనాయకి ఒక్కతే. ఆరో నెల. ఇరవైమూడేళ్ళ పిల్ల. అతను కామెర్లు పూర్తిగా తగ్గకుండానే బస్సెక్కి వచ్చి చూస్తే కొట్టు వెనక పొయ్యి వెలుగుతోంది, మూకుడులో ఇసుక, ఉత్త ఇసుక, ఒక్క కాయ లేదు, ఈవిడ చెమటలు కక్కుతూ గరిటె తిప్పుతోంది. మన్ను వేయిస్తున్నావా, ఏంది ఇది అని అరిచాడు. తడి ఇసుక ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది, వేయించినది తగ్గదు, అమ్మ చెప్పింది అంది. తక్కెడకి ఒక పక్క ఇత్తడి రాయి, ఒక పక్క సంచి, ముల్లు మధ్యకొచ్చి నిలిచేదాకా ఇసుక పోసి ఒక కేజీ చేసిందట. రాయీ ఆ సంచీ ఒక పక్క పెట్టి రెండు కేజీల సంచి. ఆ మూడూ కలిపి నాలుగు. ఆ నాలుగూ కలిపి ఎనిమిది. ఆపైన పదహారు. కాటా పక్కలు మార్చి మళ్ళీ చూసిందట. ఏలుమలై కాటాలు రెండూ చూసి పంపేసింది కూడా, ఇప్పుడు ఇంకో పెద్ద సంచికి ఇసుక వేయిస్తోందట. చెబుతుంటే ఆ మొహం ఎంత వెలిగిందో అప్పుడు అతను చూడలేదు, ఇప్పుడు కనపడుతోంది. అప్పుడతనికి కనపడింది కొట్టు ముందు ఆగిన ఇద్దరు బేరగాళ్ళు. ముద్ర లేని రాయి వాడిన కొట్టని పేరొస్తే లైసెన్సు పోతుంది. ఇది కాటాల కొట్టా, బొమ్మరిల్లా అన్నాడు. కత్తి తీసి అయిదు సంచులూ కోసి, వాళ్ళ ముందే, ఇసుక వీధిలో పారబోశాడు. ఆమె చీపురు తెచ్చి గుమ్మం ఊడ్చుకుంది.

అక్కడితో అయిపోతే కోపంలో చేసిన తప్పు కింద పోయేది. ముద్రలు పడి రాళ్ళు వచ్చాక సైకిలు మీద వాటిని కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, ఏలుమలై గోదాముకి పోయి ఆ రెండు కాటాలూ మళ్ళీ చూశాడు. పది కేజీలకి ముల్లు పది దగ్గర. ఇరవైకి ఇరవై దగ్గర. వెంట్రుకవాసి అటు లేదు, ఇటు లేదు. గోదాము మూలలో నిలబడి ఆ ముల్లు వంక చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఆ మాట చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాడు, జనని పుట్టింది, కొట్టు పెద్దదైంది, తట్టాంచావడి ఫ్యాక్టరీల కాటాలన్నీ తనకే వచ్చాయి, ఊళ్ళో సుబ్బరాయన్ రాయంటే రాయి అన్నారు. ఆ మాట మాత్రం లోపలే ఉండిపోయింది, ముప్పైయొక్కేళ్ళు. ఊరందరి తూకం సరిచూసి, తన ఇంట్లో ఒక సరైన తూకాన్ని తప్పు కింద ఉంచేసినవాడు. బల్ల మీద ఖాకీ సంచులు. చిన్నదీ పెద్దదీ వరసన. అయిదు. అంచులకి రెండేసి కుట్లు, బరువు పడే చోట మూడు.

షట్టరు కిందినించి దూరి పక్కసందులో మెట్లు ఎక్కాడు. లోగనాయకి మూకుడు దించి, జల్లెడలో కాయలు పోసి ఇసుక జల్లుతోంది. కళ్ళజోడు మీద సన్నటి దుమ్ము.

"కారొచ్చేసిందా?"

"లేదు. లోగా, ఈ సంచులు దేనికి?"

"యాల తీసినావు? పెట్టెలో పెట్టింది పెట్టినట్టు ఉంచరాదా?"

"అడిగినదానికి చెప్పు."

జల్లెడ ఆపింది. "ఆ పిల్ల ఫోనులో రాళ్ళు రాళ్ళు అని రెండు వారాలుగా నాన్చతా ఉండలా? స్పీకరు పెట్టుకుని వీధికంతా వినపడేట్టు మాట్లాడతావు, ఇంట్లో ఉండేదానికి వినపడదా. రావు అనుకుంటి. కుట్టి పెట్టినా. ఇసుక ఆ దేశంలో లేకుండా పోతుందా."

"రాలేదు. ఇప్పుడే మెసేజ్ వచ్చింది."

"ఊఁ."

ఆ ఊఁ తర్వాత ఆమె మళ్ళీ జల్లెడ ఊపింది. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏలుమలై కాటాలు సరిగానే ఉండినాయి లోగా. నేను పోయి చూసినా. అప్పుడే."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"తప్పుండుంటే నువ్వు ఆరు నెలలు అరిచుండవా? ఒక్క మాట లేదు. నోరు మూసుకుని అన్నం తింటివి. అప్పుడే తెలిసిపోయింది." కాయ ఒకటి వేళ్ళతో చిదిమి, ఊది, గింజలు అతని చేతిలో పెట్టింది. "ఉప్పు చాల్నా చూడు."

చాలింది. వేడిగా ఉంది. నమిలి మింగాడు.

"అప్పుడు వీధిలో పోసినాను గదా, వాళ్ళందరి ముందరా..."

"పోస్తివి. ఆ ఇసుకంతా వేయించేదానికి మూడు గంటలు పట్టె నాకు, కడుపుతో. నువ్వు ఒక నిమిషంలో పోస్తివి." కోపం లేదు ఆ గొంతులో, ధర చెప్పినట్టు చెప్పింది. "అక్కడ మాత్రం ఆడోళ్ళు వేయించి పెడితే పారబోసేవు. చిన్న విమానం కూడా ఎక్కించకుండా తరుముతారు."

అతను ఫోను తీశాడు. ప్రీతికి టైపు చేయడం రాక, గొంతుతోనే రికార్డు చేశాడు, ఆమె ముందే, తెలుగు కాదు తమిళం కాదు అన్నట్టు, నడుమ నడుమ ఇంగ్లీషు ముక్కలతో. రాళ్ళు అక్కర్లేదమ్మా. అక్కడి సంఘం వాళ్ళని పొడి ఇసుక, పెద్ద మూకుడు ఒకటి సిద్ధం చేయమను. నా దగ్గర ముద్ర పడిన కేజీ రాయి ఒకటి ఉంది, అయిదు సంచులు ఉన్నాయి, రాయీ సంచులూ కలిపి ముప్పైరెండు కేజీల దాకా నేను నిలబెట్టి చూపిస్తాను. నేను వచ్చేసినాక కూడా వాళ్ళే చేసుకోవచ్చు, ఇనప రాళ్ళ కోసం ఎవరి ముఖం చూడక్కర్లేదు. ఇంకో సంగతి రాసుకో. ఈ పద్ధతి నాది కాదు. నా భార్య లోగనాయకిది. అక్కడ నేర్పేటప్పుడు ఆ పేరు చెప్పే నేర్పుతాను, మీ కాయితాల్లో కూడా ఆ పేరే ఉండాలి.

"ఏందప్పా అది," అంది లోగనాయకి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ. చాలాసేపు తుడిచింది. "మా అమ్మ పేరు కూడా చెప్పుంటే బాగుండు."

మళ్ళీ రికార్డు నొక్కాడు. అమ్మ పేరు కూడా చెప్పాడు.

కింద కొట్టులో పెట్టె సర్దింది ఈసారి ఆమే. సంచులు మడిచి అడుగున, రాయిని చొక్కాలో చుట్టి నడుమ, తక్కెడ కాడ అడ్డంగా. కొక్కేనికి తగిలిస్తే ఇరవైరెండు కేజీల తొమ్మిదివందలు. ఇంకా వంద గ్రాములు ఉంది అన్నాడు. ముప్పైనాలుగేళ్ళలో ఏ బేరంలోనూ ఆ మాట అంత సంతోషంగా అనలేదు. ఆమె వేయించిన కాయలు చిన్న పొట్లం కట్టి తెచ్చి పెట్టె మూలన దూర్చింది. ముల్లు కొంచెం ఊగి, అటు పోయి ఇటు వచ్చి, ఇరవైమూడు మీద నిలబడింది. బయట కారు హారను కొట్టింది. షట్టరు ఎత్తుతుంటే ఎదుటి కొట్టు నీడలో స్కూటరు మీద రాఘవన్, సాగనంపడానికి వచ్చి, ఆ మాట ఒప్పుకోకుండా ఎటో చూస్తున్నాడు. పెట్టెని సుబ్బరాయన్ తనే ఎత్తాడు, ఎవరినీ పట్టనివ్వలేదు.

వెనక్కి తిరిగి చూసుకుంటే లెక్క చిన్నదే. మొదలుపెట్టిన నాడు చేతిలో ఉన్నది ఒక రాయి. ఇప్పుడు సముద్రం దాటిపోతున్న నాడూ అదే రాయి. దాని పైన చేరిన లాభం అయిదు ఖాళీ సంచులు, గుమ్మంలో నిలబడి, చెయ్యి ఊపకుండా, పెట్టె బరువు సరిపోయిందా అన్నట్టు కారు వంకే చూస్తున్న లోగనాయకి.